గుడారం దగ్గర కుళాయి

గండికోట అంచున గుడారం వేసుకున్నవాళ్లకి నీళ్లు కళ్ల ముందే ఉంటాయి. దాదాపు 300 అడుగుల లోతున, ఎర్రరాతి గోడల మధ్య పెన్న కనపడుతూ ఉంటుంది. క్యాన్‌లో మాత్రం అడుగున రెండు గ్లాసులు. అలాంటి చోట ఎవరికైనా తట్టే ఆలోచన ఒకటే: కారు బ్యాటరీకి తగిలించే పంపొకటి, పొడుగాటి పైపొకటి ఉంటే ఇక్కడ కూర్చునే నీళ్లు లాగేసుకోవచ్చు కదా?

లాగలేం. పంపు ఎంత ఖరీదైనదైనా, ఎన్ని హార్స్‌పవర్ల మోటారు బిగించినా, పైన కూర్చుని లాగితే పైపులో నీళ్లు ఆ లోతులో తొమ్మిదో వంతు దగ్గర ఆగిపోతాయి. ఆపైన జానెడు కూడా ఎక్కవు. విడిదిలో నీటి ఏర్పాటు చేసుకోవాలనుకునేవాళ్లు పంపు కొనకముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది. ఏ వస్తువు ఎక్కడ ఉండాలో తేల్చేది ఇదే.

పంపు నీళ్లను లాగుతుందని అంటాం గానీ, పట్టుకుని లాగడానికి నీటికి కొసంటూ ఉండదు. పంపు చేసేదల్లా పైపులో ఉన్న గాలిని బయటికి తోడేయడం. నది మీద వాతావరణం తన బరువు మోపుతూనే ఉంటుంది. పైపు లోపల ఆ బరువు తగ్గింది కాబట్టి బయటి గాలి నీళ్లను పైపులోకి నెడుతుంది. నెట్టేది గాలి గనక గాలికి ఉన్న బలం వరకే ఆ పని జరుగుతుంది. సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరు మీద గాలి మోపే బరువు కిలో కన్నా కొంచెం ఎక్కువ. అంత బరువు తూగే నీటి స్తంభం ఎత్తు 10.3 మీటర్లు. అక్కడితో సరి.

ఈ హద్దు ముందుగా పంపులు బాగుచేసే పనివాళ్లకి తెలుసు, శాస్త్రవేత్తలకి తర్వాత తెలిసింది. ఇంచుమించు 10 మీటర్లు దాటితే పంపు నీళ్లెత్తదని ఒక పనివాడు చెప్పిన సంగతిని గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. కారణం చెప్పడంలో పొరబడ్డాడు. పొడవెక్కువైన నీటి స్తంభం తన బరువుకి తానే తెగిపోతుందనుకున్నాడు. ఆయన చివరి రోజుల్లో ఆయన దగ్గర పనిచేసిన టారిచెల్లీ చూపు పైపు లోపలి నుంచి బయటి గాలి మీదికి మళ్లింది. నీటికన్నా 13.6 రెట్లు బరువైన పాదరసంతో ప్రయోగం చేస్తే స్తంభం 76 సెంటీమీటర్ల దగ్గర నిలిచింది. 76ని 13.6తో హెచ్చవేసి చూడండి, పంపు పనివాళ్ల పది మీటర్లే వస్తాయి. 1644లో టారిచెల్లీ ఈ సంగతి ఉత్తరంలో వివరించాడు. 1648లో పాస్కల్ తన బావ పెరియే చేత పాదరసం గొట్టాన్ని ఫ్రాన్సులోని పుయ్ ద డోమ్ కొండ ఎక్కించాడు. పైకి పోయేకొద్దీ పాదరసం దిగింది. కొండ మీద గాలి పలచన కాబట్టి అది మోపే బరువూ తక్కువే.

ఆ ప్రయోగం మనకీ వర్తిస్తుంది. లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే పదో వంతుకి పైగా తక్కువ. అంటే విశాఖ బీచిలో 10.3 మీటర్లు ఎక్కే నీళ్లు లంబసింగిలో 9 దాటి ఓ చిన్న పిసరు ఎక్కుతాయి. ఇదంతా కాగితం మీది లెక్క. పైపు రాపిడి, కవాటాల్లో కారే గాలి, ఇవన్నీ తీసేస్తే పెద్ద పంపుకైనా 7 మీటర్లు దక్కితే గొప్ప. గుడారం దగ్గర వాడే 12 వోల్టుల బుల్లి పంపు నమ్మకంగా లాగేది 2 మీటర్లలోపే.

చేదకి ఈ హద్దు లేదు. మోట బొక్కెనకి గానీ, ఏతానికి గానీ లేదు. అవి నీళ్లను అడుగున పట్టుకుని మోసుకొస్తాయి, గాలి సాయం అడగవు. ఊళ్లో లోతు బోరింగు కొట్టినప్పుడు మన చేతిలో ఉన్నది పిడి మాత్రమే. నీళ్లెత్తే సిలిండరు గొట్టంలో కింద నీటిలోనే ఉంటుంది, కడ్డీలు దాన్ని పిడికి కలుపుతాయి. వందల అడుగుల బోరుబావిలో సబ్‌మెర్సిబుల్ మోటారుని అంత కష్టపడి అడుక్కి దించడం కూడా ఇందుకే. పైనుంచి లాగడానికి హద్దుంది. కింద నుంచి తోయడానికి అలాంటి హద్దు లేదు, బలం ఉన్నంత మేరకి తోయొచ్చు.

మరి చిన్న పంపుని గండికోట లోయలోకి దించి కింద నుంచి తోయిస్తే? నీళ్లను పది మీటర్లు పైకి నెట్టాలంటే ఒక బార్ ఒత్తిడి కావాలి. 300 అడుగులంటే 90 మీటర్ల పైమాట, 9 బార్లు. గుడారం దగ్గర వాడే పంపుల్లో చాలావరకు 7 బార్ల లోపే చేతులెత్తేస్తాయి. కాబట్టి గండికోట మీద విడిది చేసేవాళ్లు నీళ్లు వెంట తీసుకెళ్లాల్సిందే. అసలు ఆ ఒక్క చోటనే కాదు, ఏటి ఒడ్డున గుడారం వేసినా తాగే నీళ్లు వెంట తీసుకెళ్లమనే నేనంటాను. ఎందుకో చివర్లో చెబుతాను.

ఎన్ని లీటర్లు? విపత్తుల్లో నిరాశ్రయులైనవాళ్లకి సాయం అందించే సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణం మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు. జల్ జీవన్ మిషన్ పల్లెల్లో ఇంటింటికీ ఇవ్వాలనుకున్నది మనిషికి రోజుకి 55 లీటర్లు. రెండు రోజుల విడిదిలో బట్టలు ఉతకం, ఇల్లు కడగం. తాగడానికి మూడు నాలుగు, వంటకి రెండు, గిన్నెలకీ చేతులకీ మూడు, మొత్తం పది లీటర్లయితే సుఖంగా గడిచిపోతుంది. రాయలసీమ ఏప్రిల్ ఎండలో తాగేవే ఆరు లీటర్లు కావచ్చు, అక్కడ పిసినారితనం పనికిరాదు. స్నానం కావాలంటే ఇంకో ఎనిమిది. నలుగురు, రెండు రోజులు, స్నానం లేకుండా: 80 లీటర్లు. మనందరికీ తెలిసిన 20 లీటర్ల క్యాన్లు నాలుగు.

80 లీటర్లంటే 80 కిలోలు, కారులో ఇంకో మనిషి ఎక్కినట్టే. ఈ మనిషి కుదురుగా కూర్చోడు. సగం నిండిన పెద్ద ట్యాంకులో నీళ్లు బ్రేకు వేస్తే ముందుకి, మలుపు తిప్పితే పక్కకి ఉరుకుతాయి. ఆ ఊపు బండిని లాగుతుంది. పెద్ద ట్యాంకర్లలో అడ్డ పలకలు బిగించేది దీన్ని ఆపడానికే. మనకి అంత తతంగం అక్కర్లేదు. ఒక పెద్ద ట్యాంకు బదులు చిన్న క్యాన్లు నాలుగు తీసుకుంటే చాలు. నిండుది నిండుగానే ఉంటుంది, ఖాళీది ఖాళీగానే ఉంటుంది, సగం సగం ఉండేది ఎప్పుడూ ఒక్కటే. ఒక క్యాన్ పగిలినా, ఒకదానిలో నీళ్లు పాడైనా మూడు మిగులుతాయి. డిక్కీలో నేల మీద, వెనక సీటుకి ఆనించి, తాడుతో కట్టేయండి. కారు టాపు మీద మాత్రం వద్దు. చాలా కార్లకి టాపు మోయగలిగే బరువు 75 కిలోల లోపే ఉంటుంది. అదీ కాక అంత ఎత్తున అంత బరువు పెట్టుకుని ఘాటు రోడ్డు ఎక్కడం ప్రమాదం.

ప్రయాణంలో నీళ్లు కింద ఉండాలి. విడిదిలో మాత్రం పైన ఉంటేనే సుఖం, కుళాయి తిప్పితే వాటంతట అవే వస్తాయి. ఈ రెంటి మధ్య ఉన్న రెండు మీటర్ల పని పంపుది. మన ఇంట్లో సంపు, మోటారు, మేడ మీది ట్యాంకు చేసే పని సరిగ్గా ఇదే. బండి ఆగాక టాపు మీద క్యారియర్‌కి కట్టిన 20 లీటర్ల ట్యాంకులోకి కింది క్యాన్ నుంచి నీళ్లెక్కించుకోవాలి. అక్కణ్నించి వాడకమంతా బరువు మీదే, కరెంటు ఊసు లేకుండా.

పంపే నేరుగా కుళాయికి నీళ్లిచ్చే ఏర్పాటూ ఉంది, చాలామంది అదే చేస్తారు. నాకు ఇంటి పద్ధతే నచ్చుతుంది. చేతులు కడిగినప్పుడల్లా పంపు గురగురమనదు. తెల్లవారుజామున పక్క గుడారంలో పసిపిల్ల నిద్రపోతుంటే ఇది చిన్న విషయం కాదు. ఇంకో సంగతి, పంపు మధ్యలో మొరాయించినా ఎక్కించిన నీళ్లు పైనే ఉంటాయి. ఇద్దరు కండగల మనుషులుంటే 20 కిలోల క్యాన్‌ని చేతులతోనే పైకి అందించుకోవచ్చు, పంపే అక్కర్లేదు. కానీ తడిచేతుల్లో జారే క్యాన్‌ని తలపైకి ఎత్తడం నడుముకి మంచిది కాదు, వెంట పెద్దవాళ్లూ పిల్లలూ ఉన్నప్పుడు మరీను.

ఈ పంపు మనకి కొత్తదేమీ కాదు. పొలంలో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ అడుగున ఉన్నది ఈ జాతిదే. మండల కేంద్రంలో వ్యవసాయ పనిముట్లు అమ్మే ఏ దుకాణంలో అడిగినా విడిగా దొరుకుతుంది. నాలుగు మరలు తీసి తల విప్పితే లోపల రెండో మూడో రబ్బరు పొరలు, ఒక్కోటి రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దవి. వాటి వెనక మోటారు ఇరుసుకి వంకరగా బిగించిన పళ్లెం ఒకటుంటుంది. ఇరుసు తిరిగితే ఆ పళ్లెం తిరగదు, అటూ ఇటూ ఊగుతుంది. ఊగినప్పుడల్లా ఒక పొరని వెనక్కి గుంజుతూ ఇంకో పొరని ముందుకి నెడుతుంది. పొర వెనక్కి పోతే దాని ముందున్న గదిలో చోటు పెరిగి ఒత్తిడి పడిపోతుంది, లోపలికి మాత్రమే తెరుచుకునే చిన్న రబ్బరు రెక్క లేచి నీళ్లొస్తాయి. పొర ముందుకి వస్తే ఆ రెక్క మూసుకుంటుంది, బయటికి తెరుచుకునే రెక్క లేచి నీళ్లు పోతాయి. మోటారు తిరిగినంతసేపూ ఇదే పని. ఇసక రేణువు ఒక్కటి రెక్క కింద ఇరుక్కుంటే ఆ గది వచ్చిన నీళ్లను వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, ధార మాత్రం సన్నబడుతుంది. అందుకే పంపుకి ముందు సన్నని జాలీ ఉన్న వడపోత తప్పనిసరి. పంపుకి తర్వాత పెడితే ఈ పనికి ఉపయోగం లేదు.

ఒక్క హెచ్చరిక గట్టిగా చెప్పాలి. పురుగుమందుకి వాడిన స్ప్రేయర్ పంపుని, దాని ట్యాంకుని, దాని పైపుని ఎన్నిసార్లు కడిగినా మనుషుల నీళ్లకి వాడకూడదు. మందు రబ్బరులోకీ ప్లాస్టిక్‌లోకీ ఇంకిపోయి ఉంటుంది. కొత్త పంపే కొనండి. కొత్తదైనా అది తాగునీటి కోసం తయారైనది కాకపోవచ్చు కాబట్టి కడుగుళ్లకే ఉంచండి. తాగే నీళ్లది వేరే దారిగా ఉండాలి: విడి క్యాన్, దానికి సొంత కుళాయి. లేదా ఇప్పుడు ఇళ్లలో క్యాన్ మూతి మీద పెట్టుకుంటున్న చార్జింగ్ పంపు. ఆ రెండు దారులూ ఎక్కడా కలవకూడదు.

రెండో హెచ్చరిక కూలర్ మోటారు గురించి. చవకగా దొరుకుతుంది, ఇంట్లో పాతది పడి ఉంటుంది, ఇన్వర్టర్ పెట్టి నడుపుదామనిపిస్తుంది. అది 230 వోల్టులది. తడి నేల, తడి చేతులు, చీకటి, పైగా ఎక్కడో తొడుగు ఊడిన వైరు. ప్రాణం తీయడానికి ఇంతకన్నా ఏం కావాలి? 12 వోల్టులు దాటి వెళ్లకండి. ఆ వోల్టేజీకి తడిచేతులతో తగిలినా మామూలుగా ప్రాణాపాయం ఉండదు.

12 వోల్టుల్లో ఉన్న ప్రమాదం షాకు కాదు, మంట. వైరు ఒరుసుకుపోయి ప్లస్సూ మైనస్సూ కలిస్తే బ్యాటరీ ఒక్క క్షణంలో వందల ఆంపియర్లు వదలగలదు. వైరు ఎర్రగా కాలి గుడారం గుడ్డకి అంటుకుంటుంది. అందుకే బ్యాటరీ ప్లస్ కొన పక్కనే, జానెడు దూరంలోపే, పంపు తీసుకునే కరెంటుకి కాస్త ఎక్కువకి సరిపోయే ఫ్యూజు పెట్టాలి. పంపు దగ్గర పెడితే మధ్యలో ఉన్న వైరుకి కాపలా ఉండదు.

బ్యాటరీ ఎంతది కావాలి? 20 లీటర్లను 2 మీటర్లు ఎత్తడానికి కావలసిన శక్తి 20 × 9.8 × 2, అంటే 392 జౌళ్లు. 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉన్నది 3 లక్షల జౌళ్లు. నష్టమే లేకపోతే ఆ క్యాన్‌ని 770 సార్లు ఎత్తొచ్చు. నిజంగా జరిగేది వేరు. పంపు 3 ఆంపియర్లు తీసుకుంటూ ఆ క్యాన్‌ని ఐదు నిమిషాల్లో ఖాళీ చేసిందనుకోండి, ఖర్చు దాదాపు 11,000 జౌళ్లు. అవసరానికి ఇరవై ఎనిమిది రెట్లు. తేడా అంతా మోటారు వేడిలో, రబ్బరు పొరల్ని వంచడంలో, పైపు రాపిడిలో, ఆ చప్పుడులో పోయింది. ఇంత దుబారా తర్వాత కూడా, సీసం బ్యాటరీని సగానికి మించి దించకూడదన్న నియమం పాటించినా, 14 క్యాన్లు ఎక్కించుకోవచ్చు. మన దగ్గరున్నవి నాలుగు. కాబట్టి ఈ చిన్న బ్యాటరీ ధారాళంగా చాలుతుంది. కారుని స్టార్టు చేసే బ్యాటరీని దీనికి ముట్టుకోవద్దు. అడవిలో కారు కదలకపోతే వచ్చే కష్టం ముందు నీళ్ల కష్టం ఏపాటిది?

పైపుల దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఏర్పాట్లు ఎక్కువగా చెడేది ఇక్కడే. నిమిషానికి 4 లీటర్లు 6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న సన్నపైపులో పంపితే, మీటరు పైపుకి మీటరుంబావు పైగా ఎత్తుకి సమానమైన ఒత్తిడి రాపిడికే పోతుంది. ఐదు మీటర్ల పైపుకి ఆరున్నర మీటర్లు. రెండు మీటర్ల ఎత్తున ట్యాంకు పెట్టుకుని ఆ పైపు బిగిస్తే కుళాయిలో అంత ధార ఎలా వస్తుంది? అదే నీళ్లను 12 మిల్లీమీటర్ల పైపులో పంపండి. ఐదు మీటర్లకి పోయేది పాతిక సెంటీమీటర్లు. వ్యాసం రెట్టింపు చేస్తే నష్టం ఇరవై ఐదు రెట్లకి పైగా తగ్గింది. లావుపైపులో నీళ్లు నెమ్మదిగా నడుస్తాయి, గోడకి ఒరుసుకునే వంతు తగ్గుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి హెచ్చవేసుకోవడం వల్ల తేడా అంత పెద్దదవుతుంది.

వైరుకీ ఇదే న్యాయం, కాకపోతే ఇంత కఠినంగా ఉండదు. బ్యాటరీకి ఐదు మీటర్ల దూరంలో పంపు పెడితే పోనూ రానూ పది మీటర్ల రాగి తీగ. అది 0.75 చదరపు మిల్లీమీటర్ల సన్నవైరైతే 5 ఆంపియర్లకి ఒక వోల్టుకి పైగా దారిలోనే పోతుంది. 12లో ఒకటి పోవడమంటే పంపు నీరసపడటమే. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే పోయేది వోల్టులో మూడో వంతు. ఇంటి కరెంటు వైరింగులో 230లో ఒక వోల్టు పోతే ఎవరికీ తెలియదు. తక్కువ వోల్టేజీతో పని చేసేటప్పుడు మాత్రం తీగ లావు లెక్కలోకి వస్తుంది. కుదిరితే దూరమే తగ్గించండి: బ్యాటరీ పక్కన పంపు, పంపు పక్కన క్యాన్.

పంపు బిగించాక నీళ్లు రాకపోతే అందరూ ముందు బ్యాటరీని అనుమానిస్తారు. నేను ముందు లాగే వైపు పైపుని చూస్తాను. తోసే వైపు లీకుంటే తడి కనపడుతుంది. లాగే వైపు లీకుంటే చుక్క కూడా బయటికి రాదు, బయటి గాలే లోపలికి పోతుంది. పైపు పారదర్శకంగా ఉంటే దాన్ని పట్టుకోవడం సులువు. పంపు నడుస్తుండగా పైపు వెంట చూపు పోనివ్వండి. బిగింపు దగ్గర సన్నని బుడగల వరస పుట్టి పంపు వైపు పరుగెడుతుంటుంది. ఎక్కడ మొదలైతే అక్కడ క్లిప్పు బిగించాలి. బుడగలేమీ లేకుండా పైపే అప్పడంలా అతుక్కుపోయి ఉంటే అది మెత్తటి పైపు. బయటి గాలి దాన్ని నలిపేసింది. ఆ వైపుకి లోపల నూలు అల్లిక ఉన్న గట్టి పైపు వేయాలి. ఇక క్యాన్ మూత బిగించి ఉందేమో చూడండి. నీళ్లు బయటికి పోయేకొద్దీ ఆ చోటులోకి గాలి రాకపోతే పంపు క్యాన్‌తో కొట్లాడుతుంది, క్యాన్ పక్కలు లోపలికి పోతాయి. మూతకి చిన్న కన్నం, దానికి దోమ దూరని గుడ్డ. అంతే.

ఇప్పుడు పైన ఎక్కిన నీళ్ల సంగతి. టాపు మీది ట్యాంకుకీ మన తల మీది షవరు జల్లెడకీ మధ్య ఎత్తు తక్కువ. నేల మీద కూర్చుని స్నానం చేస్తే మీటరు దాకా దొరుకుతుంది. మీటరు ఎత్తు నుంచి దిగిన నీటి వేగం సెకనుకి 4.4 మీటర్లు. ఈ సూత్రమూ టారిచెల్లీదే: కన్నంలోంచి దూకే నీటి వేగం, అంత ఎత్తునుంచి రాలిపడే వస్తువు వేగంతో సమానం. 4 మిల్లీమీటర్ల కన్నంలోంచి అయితే నిమిషానికి దాదాపు రెండు లీటర్లు వస్తాయి. సన్న ధార ఒకటి బదులు 1.2 మిల్లీమీటర్ల కన్నాలు డజను వేసుకుంటే అంతే నీళ్లు ఒళ్లంతా పరుచుకుంటాయి. ఎనిమిది లీటర్లకి నాలుగు నిమిషాలు. సబ్బు రాసుకునేటప్పుడు కుళాయి కట్టేస్తే ఆ ఎనిమిదిలోనూ ఒకటి రెండు మిగులుతాయి.

ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ ధార నీరసించడం ఎవరికైనా అనుభవమే. దానికో అందమైన విరుగుడు పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారియట్ పేరు మీద ఉంది. పైట్యాంకు మూతని గాలి చొరబడకుండా బిగించి, మూతలోంచి ఒక గట్టి గొట్టాన్ని దాదాపు అడుగుదాకా దించండి. గాలి లోపలికి రావాలంటే ఆ గొట్టం ద్వారానే రావాలి. కుళాయి తిప్పితే ముందు గొట్టంలో నీళ్లు దిగుతాయి, తర్వాత దాని కింది కొస నుంచి బుడగలు ఒకటొకటిగా లేస్తాయి. అంటే ఆ కొస దగ్గర ఒత్తిడి ఎప్పుడూ బయటి గాలి ఒత్తిడికి సమానంగానే ఉంటుందన్నమాట. ఇక ధార వేగాన్ని నిర్ణయించేది ఆ కొస నుంచి జల్లెడ దాకా ఉన్న ఎత్తే. పైన నీళ్లు నిండుగా ఉన్నా, పావు వంతే ఉన్నా ధార ఒక్కలాగే ఉంటుంది, మట్టం ఆ కొసకి దిగేదాకా. చూపించి చెప్పగలిగితే పదేళ్ల పిల్లలకి ఒత్తిడి పాఠం ఇంతకన్నా బాగా అర్థమయ్యే మార్గం నాకు తెలియదు. మూత మాత్రం నిజంగా గాలి చొరకుండా ఉండాలి, ట్యాంకూ గట్టిదై ఉండాలి.

పైట్యాంకు బదులు నాలుగంగుళాల పీవీసీ పైపు మీటరున్నర ముక్కని రెండువైపులా మూతలు బిగించి, నల్లరంగు వేసి క్యారియర్‌కి కట్టేవాళ్లున్నారు. సుమారు 12 లీటర్లు పడతాయి. మధ్యాహ్నపు ఎండకి నష్టాలు పోగా గంటకి నాలుగైదు డిగ్రీలు వేడెక్కుతాయి. చలికాలం లంబసింగి వెళ్లేవాళ్లకి ఇది వరం. కాకపోతే స్నానం సాయంత్రం పెట్టుకోవాలి, తెల్లవారేసరికి ఆ నీళ్లు గాలికన్నా వెచ్చగా ఏమీ ఉండవు.

పంపునే నేరుగా కుళాయికి కలుపుకుంటామనేవాళ్లు ఒక చిక్కుకి సిద్ధపడాలి. అలాంటి పంపుకి ఒత్తిడి స్విచ్చి ఉంటుంది. కుళాయి కట్టేస్తే పైపులో ఒత్తిడి పెరిగి, ఉదాహరణకి 2.8 బార్ల దగ్గర, పంపు ఆగుతుంది, 1.7కి పడితే మళ్లీ నడుస్తుంది. నీళ్లు నొక్కితే కుదించుకోవు. అందుకే కుళాయి సన్నగా తిప్పితే రెండు చుక్కలు పోగానే ఒత్తిడి పడిపోతుంది, పంపు ఒక్క ఉదుటున లేచి వెంటనే ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. టకటకమని కొట్టుకుంటూ స్విచ్చి కాలిపోతుంది. దీనికి మందు గాలి. పంపు తర్వాత గాలి నింపిన లీటరు డబ్బా ఒకటి కలిపితే, ఒత్తిడి పెరిగేటప్పుడు నీళ్లు ఆ గాలిని నొక్కి డబ్బాలో చోటు చేసుకుంటాయి. బాయిల్ 1662లో చెప్పిన నియమంతో లెక్క కట్టొచ్చు. బయటి గాలి ఒత్తిడి కూడా కలుపుకుంటే 2.7 బార్ల దగ్గర లీటరున్న గాలి, 3.8 దగ్గరికి 0.71 లీటరవుతుంది. మిగతా 0.29 లీటరు చోటు నీళ్లది. అంటే పంపు లేవకుండా గ్లాసున్నర నీళ్లు వాడుకోవచ్చు, చేతులు కడుక్కోవడానికి సరిపడా.

ఏటి ఒడ్డున విడిది చేస్తే కడుగుళ్లకి ఏటి నీళ్లు ఎక్కించుకోవచ్చు. తాగడానికి ఎందుకు వద్దంటున్నానంటే, తేట వేరు, శుభ్రం వేరు. పటిక వేసినా, పాతరోజుల్లో కుండ లోపల రాసే చిల్లగింజ రాసినా బురద పేరుకుని నీళ్లు అద్దంలా కనపడతాయి. విరేచనాలు తెప్పించే క్రిములన్నీ అందులో పోవు. గత్యంతరం లేక తాగాల్సి వస్తే వరస ముఖ్యం: ముందు తేర్చాలి, తర్వాత వడకట్టాలి, ఆ తర్వాతే క్లోరిన్ బిళ్ల. బురద నీళ్లలో వేసిన క్లోరిన్‌ని బురదే తినేస్తుంది. బిళ్ల ఎన్ని లీటర్లకి వేయాలో దాని కవరు మీద ఉంటుంది, వేశాక కనీసం అరగంట ఆగాలి. మరిగించడం అన్నిటికన్నా నమ్మకం. తెర్లేదాకా కాచి ఒక నిమిషం అలాగే ఉంచితే చాలు. 2000 మీటర్లు దాటితే మూడు నిమిషాలంటారు గానీ తెలుగునాట అంత ఎత్తు కొండే లేదు.

మరిగించినా పోనిది ఒకటుంది. నల్గొండ వైపో ప్రకాశం జిల్లాలోనో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే కాచడం వల్ల అది ఒక్క పిసరు తగ్గదు, నీరు ఆవిరైన మేరకి చిక్కబడుతుంది. జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు పటికా సున్నంతో దాన్ని తగ్గించే నల్గొండ పద్ధతి రూపొందించారు. అది పాళ్లు చూసి ఊరికి చేసుకునే పని, విడిదిలో చేతి అంచనాతో చేసేది కాదు. రెండు రోజులు తాగితే ఏమీ కాదనేవాళ్లతో నేను వాదించను. కానీ మనం వచ్చి పోతాం, ఆ ఊరివాళ్లు ఏళ్ల తరబడి అవే తాగారన్నది అక్కడ నీళ్లు పట్టుకునేటప్పుడు గుర్తుండాలి.

వాడిన నీళ్లు ఏట్లోకి పోకూడదు. సబ్బు నీళ్లకి ఒడ్డునుంచి 60 మీటర్ల అవతల, మూరెడు లోతు గుంట తీసి పోస్తే మట్టిలోని సూక్ష్మజీవులు చాలావరకు అరాయించుకుంటాయి. గిన్నెల మెతుకులు ముందే తీసి సంచిలో వేసుకుంటే రాత్రి జంతువుల బెడద తగ్గుతుంది.

ఇంటికొచ్చాక సామాను అటక ఎక్కించే ముందు ఇంకో గంట పని ఉంది. క్లోరిన్ కలిపిన నీళ్లు క్యాన్లలోంచి పైపుల్లోకి, పంపులోంచి కుళాయి దాకా పంపి కాసేపు నిలవనివ్వండి. తర్వాత మంచినీళ్లతో కడిగి, పంపుని నిమిషం సేపు ఖాళీగా నడిపించండి. ఈ రకం పంపు కాసేపు నీళ్లు లేకుండా తిరిగినా పాడవదు, లోపల మిగిలిన నీళ్లన్నీ ఊదేస్తుంది. పైపులు కొసలు కిందికి ఉండేలా వేలాడదీయాలి. క్యాన్లు బోర్లించి మూతలు తీసే ఉంచాలి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి తేట నిలవ నీళ్లలోనే, గుడ్డు దోమై ఎగిరిపోవడానికి దానికి వారం పదిరోజులు చాలు. క్యాన్‌ని వెలుగుకి ఎత్తి పట్టుకుని లోపలి మూలలు చూడండి. పచ్చటి జిగురు పొర కనపడితే అది నాచు, ఎండలో పెట్టిన పారదర్శకమైన క్యాన్‌లో పెరుగుతుంది. బియ్యం గింజలు గుప్పెడు, కాసిని నీళ్లు పోసి గట్టిగా ఆడిస్తే ఊడి వస్తుంది. వచ్చేసారికి ముదురు రంగు క్యాన్ కొనుక్కోండి.